బొమ్మలో బొమ్మ, ఆటలో లెక్క

పిల్లలూ! వంటింట్లో ఒక మూల పెద్ద బిందె, దాని మీద చిన్న బిందె, ఆపైన చెంబు పేర్చి పెట్టడం మీరు చూసే ఉంటారు. దీన్ని దొంతర అంటారు. అడుగున ఉన్న పెద్ద బిందె కావాలంటే ఏం చేయాలి? ముందు చెంబు దించాలి. తర్వాత చిన్న బిందె దించాలి. అంటే చివర పెట్టినదాన్ని మొదట తీయాలన్నమాట. ఇందులో ఏముంది విశేషం అంటారా? ఈ చిన్న నియమం మీద ఒక వీడియో గేమ్ మొత్తం నిలబడి ఉంది. దాని పేరు ‘స్టాకింగ్’. ఆ మాటకు అర్థం కూడా దొంతర పేర్చడమే.

ఆట సంగతికి ముందు అందులోని బొమ్మల సంగతి చూద్దాం. రష్యాలో మత్ర్యోష్కా అనే కర్ర బొమ్మలున్నాయి. బొమ్మను నడుము దగ్గర విడదీస్తే లోపల ఇంకో బొమ్మ ఉంటుంది. దాన్ని విడదీస్తే మరొకటి. చివరికి విడదీయడానికి వీలులేని చిట్టి బొమ్మ వస్తుంది. మొదటి మత్ర్యోష్కా 1890 ప్రాంతంలో తయారైంది. వాసిలీ జ్వ్యోజ్దోచ్కిన్ అనే పనివాడు కర్రను లేత్ మీద తిప్పి దాన్ని చెక్కాడు. సెర్గేయ్ మాల్యూతిన్ అనే చిత్రకారుడు రంగులు వేశాడు. అందులో మొత్తం 8 బొమ్మలు. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఈ బొమ్మలకు కాంస్య పతకం వచ్చింది. మన ఏటికొప్పాక లక్కబొమ్మలను కూడా ఇలాగే లేత్ మీద తిప్పి చేస్తారు. అయితే వాటికి అంకుడు కర్ర వాడతారు, మత్ర్యోష్కాకు లిండెన్ చెట్టు కర్ర వాడతారు.

వీటిని చేసేటప్పుడు ముందు ఏ బొమ్మ చేస్తారో చెప్పగలరా? అన్నిటికన్నా చిన్నది! దాని కొలతను బట్టి దానిపై బొమ్మ, ఆ బొమ్మను బట్టి ఇంకో బొమ్మ. కర్ర గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుదించుకుపోతుంది. అందుకని బాగా ఆరిన కర్రనే వాడాలి. లేకపోతే పై సగం, కింది సగం సరిగ్గా అతకవు.

ఇక ఆటకు వద్దాం. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోని డబుల్ ఫైన్ అనే సంస్థ దీన్ని తయారు చేసింది. 2011 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రాలకు వచ్చింది. మరుసటి సంవత్సరం కంప్యూటర్లకూ వచ్చింది. ఇందులో మనుషులెవరూ ఉండరు, అందరూ మత్ర్యోష్కా బొమ్మలే. కథానాయకుడు చార్లీ బ్లాక్‌మోర్ అందరికన్నా చిన్న బొమ్మ. వాళ్లది పొగగొట్టాల్లో మసి తుడిచే కుటుంబం. బారన్ అనే దుర్మార్గుడు చార్లీ అన్నలనూ అక్కలనూ వెట్టిచాకిరికి పట్టుకుపోతాడు. వాళ్లను విడిపించడమే చార్లీ పని.

ఈ కథ వట్టి కల్పన కాదు. ఇంగ్లండులో ఒకప్పుడు ఇరుకు పొగగొట్టాల్లోకి పసిపిల్లల్ని ఎక్కించి మసి తుడిపించేవారు. ఎందుకని? చిన్న ఒళ్లయితేనే గొట్టంలో పడుతుంది కాబట్టి. మసిలో ఊపిరాడక ప్రాణాలు పోయిన పిల్లలున్నారు. చట్టాలు ఎన్ని వచ్చినా ఈ ఘోరం ఆగలేదు. చివరికి 1875 చట్టంతో ఆగింది. ఆ పిల్లలకు చిన్న ఒళ్లే శాపమైంది. ఈ ఆటలో చార్లీకి అదే బలం. ఎలాగంటారా?

చార్లీ తనకన్నా ఒక్క సైజు పెద్దదైన బొమ్మలో దూరగలడు. రెండు సైజులు పెద్దదైతే కుదరదు. అదీ వెనక నుంచి వెళ్లాలి. దూరాక ఆ బొమ్మ తన చెప్పుచేతల్లో ఉంటుంది, దానికున్న విద్య తనకు వస్తుంది. అక్కడి నుంచి ఇంకో సైజు పెద్ద బొమ్మలోకి వెళ్లవచ్చు. బయటికి రావాలంటే మాత్రం చివర దూరిన బొమ్మలోంచే మొదట రావాలి. మన దొంతర నియమమే గదా!

కంప్యూటర్లు కూడా ఈ పద్ధతినే వాడతాయి. ఒక పని చేస్తూ మధ్యలో ఇంకో చిన్న పని తగిలితే, ఎక్కడ ఆగిందో గుర్తు రాసి పెట్టుకుని చిన్న పనికి పోతుంది. అందులో ఇంకా చిన్న పని వస్తే ఆ గుర్తు మీద మరో గుర్తు. పనులు పూర్తవుతున్న కొద్దీ పై గుర్తు నుంచి ఒక్కొక్కటే తీసుకుంటూ వెనక్కి వస్తుంది. ఈ గుర్తుల దొంతరకు ‘స్టాక్’ అనే పేరు. ఇంత మంచి పాఠం ఒక్క మాట చెప్పకుండా చేతికి నేర్పడం ఈ ఆటలోని మొదటి గొప్ప. నా దృష్టిలో అదే అన్నిటికన్నా గొప్ప.

రెండో గొప్ప ఏమంటే, ఒక్కో చిక్కుకు ఒకటి కన్నా ఎక్కువ జవాబులుంటాయి. రైల్వే స్టేషనులో పెద్దమనుషులు కూర్చునే గది ఉంది. వాకిట్లో కాపలావాడు. లోపలికి ఎలా పోవాలి? కాపలావాణ్ణి మాయచేసి పక్కకు తీసుకుపోయే బొమ్మలో దూరవచ్చు. గాలి గొట్టం మూత విప్పగల మెకానిక్ బొమ్మలో దూరవచ్చు. దుర్వాసన వదిలే బొమ్మ కూడా ఒకటుంది. దానితో ఏం చేయవచ్చో మీకు వేరే చెప్పాలా!

ఇక్కడ చిన్న లెక్క. ఒక గదిలో రెండో సైజు బొమ్మలు 3, మూడో సైజువి 4, నాలుగో సైజువి 2 ఉన్నాయనుకోండి. చార్లీ నాలుగో సైజు దాకా ఎన్ని దారుల్లో చేరగలడు? 3ను 4తో, దాన్ని 2తో గుణించండి. 24 దారులు!

మరి లోపాలు? మొదటిది, చిక్కులు చాలా సులువు. కావలసిన బొమ్మ తరచుగా ఆ దగ్గర్లోనే తిరుగుతూ ఉంటుంది. తోచకపోతే ఆట ఒకదాని తర్వాత ఒకటిగా సూచనలిస్తుంది. చివరి సూచన దాదాపు జవాబే. ఇక ఒక జవాబు దొరికితే దారి తెరుచుకుంటుంది. మిగతా జవాబులు వెతకాలంటే అదే చిక్కును మళ్లీ మొదటి నుంచి విప్పాలి. ఆ ఓపిక ఎంతమందికి ఉంటుంది? జవాబులు ఎన్ని పెట్టినా, కథ నడవడానికి ఒక్కటే చాలు. అందుకే కథ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది.

ఇంకోటి, మాటలు వినిపించవు. పాత మూకీ సినిమాల్లోలాగా పియానో వాయిస్తూ మధ్యమధ్య అక్షరాల అట్టలు చూపిస్తారు. చూడ ముచ్చటగానే ఉంటుంది కాని, అవి ఇంగ్లీషు అక్షరాలు. చిన్న తరగతుల పిల్లలకు పక్కన ఎవరైనా చదివి చెప్పాలి.

అసలు లోపం మరొకటి ఉంది. దొంతర నియమాన్ని అంత చక్కగా కనిపెట్టిన వాళ్లు దాన్ని పూర్తిగా వాడుకోలేదు. చార్లీ వంటవాడి (2) లోపల, వంటవాడు వడ్రంగి (3) లోపల, వడ్రంగి పోలీసు (4) లోపల ఉన్నారనుకోండి. ఎదురుగా రెండో సైజు బొమ్మ మాత్రమే పట్టే కన్నం ఉంది. పోలీసును, వడ్రంగిని బయటే వదిలి వంటవాడిగా లోపలికి పోవాలి. తీరా లోపల పోలీసుతో పని పడింది! ఇప్పుడేం చేయాలి? కన్నంలో దూరకముందే ఆలోచించుకోవలసింది. ఇలాంటి చిక్కులు ఈ ఆటలో బాగా తక్కువ. మీరు మాత్రం నాలుగు స్టీలు డబ్బాలు తీసుకుని వాటి మీద అంకెలు రాసి, ఇలాంటివి ఎన్నయినా కల్పించవచ్చు. పై చిక్కునే ముందు విప్పి చూడండి: కన్నం అవతల పోలీసుగా మారాలంటే, లోపల కనీసం ఏయే సైజు బొమ్మలు ముందుగానే ఉండాలి?