నొప్పి మాత్రలు కొనువారు తెలిసికొనవలసిన సంగతులు

మందుల దుకాణమునకు పోయి "నొప్పి బిళ్ళ యిండు" అని యడుగుట మన యూళ్ళలో సర్వసామాన్యము. తలనొప్పికిని, పండ్లపోటునకును, నడుము పట్టునకును, నాట్లు వేసి వచ్చిన నాటి యొడలి నొప్పులకును ఇదియే మాట. దుకాణదారుడు పట్టీనుండి నాలుగు మాత్రలు కత్తిరించి యిచ్చును. కొన్నవాడు వాని పేరు విచారింపడు. నిజమునకు "నొప్పి బిళ్ళ" యను మందు ఒక్కటి లేదు. ఆ పేరున అమ్ముడగుచున్నవి ముఖ్యముగా రెండు జాతులు. ఒకరికి మేలు చేసినది వేఱొకరికి ప్రాణాపాయము కలిగింపవచ్చును. కావున మాత్ర మ్రింగుటకు ముందు అది యే జాతిదో తెలిసికొనుట ప్రతి గృహస్థునకు నావశ్యకము.

మొదటిది పారసెటమాల్. ఇది జ్వరమును తగ్గించును. తలనొప్పి, ఒడలి నొప్పులు మొదలగు సామాన్యపు బాధలను శమింపజేయును. వాపును మాత్రము అంతగా తగ్గింపదు. తగిన మోతాదులో జీర్ణకోశమునకు దీనివలన హాని తక్కువ. అందుచే వృద్ధులకును, మూత్రపిండముల బలము తగ్గినవారికిని వైద్యులు సాధారణముగా మొదట దీనినే సూచింతురు. పెద్దవారు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి గాని రెండు గాని తీసికొని, మరల తీసికొనుటకు నాలుగు మొదలు ఆఱు గంటలు ఆగవలెను. ఇరువదినాలుగు గంటలలో మొత్తము 4,000 మిల్లీగ్రాములు మించరాదు. మిక్కిలి బక్కచిక్కినవారును, కాలేయవ్యాధి గలవారును, నిత్యము మద్యము సేవించువారును ఇంకను తక్కువగా, వైద్యుని యడిగియే, వాడవలెను.

ఈ హద్దును తెలియక దాటుట బహు సులభము. జ్వరమునకని 650 మిల్లీగ్రాముల మాత్ర దినమునకు నాలుగుసార్లు వేసికొన్నవాడు 2,600 మిల్లీగ్రాములు తీసికొన్నట్లు. జలుబుకూడ నుండుటచే వేఱొక మాత్ర మూడు పూటల మ్రింగెననుకొందము. జలుబు మాత్రలలో తఱచుగా 500 మిల్లీగ్రాముల పారసెటమాల్ కలిసియుండును, అది 1,500. మొత్తము 4,100. ఆ మనుష్యుడు తాను రెండు వేఱువేఱు మందులు తినుచున్నాననియే భావించును. మితిమీరిన పారసెటమాల్ కాలేయమును చెఱచును. ఇందలి మోసమేమనగా, మొదటి దినమున బాధ యేమియు తెలియకపోవచ్చును. దీనికి విరుగుడు కలదు గాని, ఎనిమిది గంటలలోపల ఇచ్చినపుడే అది చక్కగా పనిచేయును. పొరపాటున అధికముగా మ్రింగినవారిని, బాగుగానే యున్నారుగదా యని యింట నుంచుకొనక, తత్క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

రెండవ జాతి వాపును తగ్గించు మందులు: ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రొక్సెన్, ఆస్పిరిన్ మొదలగునవి. దెబ్బతగిలిన చోటు ఎఱ్ఱబారి, వేడెక్కి, ఉబ్బి, నొప్పి పుట్టుటను శోఫమందురు. అచ్చట దేహము ప్రోస్టాగ్లాండినులను పదార్థములను పుట్టించుటచే ఈ లక్షణములు హెచ్చును. ఆస్పిరిన్ వాని పుట్టుకను అడ్డగించునని 1971లో జాన్ వేన్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. 1982లో ఆయనకును మఱి యిద్దఱికిని కలిపి నోబెల్ బహుమానము లభించెను. అయితే ఈ పదార్థములే జీర్ణకోశపు లోపలి పొరను ఆమ్లమునుండి కాపాడుచుండును. దేహమున నీరు తగ్గినపుడు మూత్రపిండములకు రక్తము చాలినంత పోవునట్లు చూచుచుండును. మోకాలి కొఱకు మ్రింగిన మాత్ర మోకాలికే పోదు. అక్కడ నొప్పిని తగ్గించుచునే కడుపునందును మూత్రపిండములందును ఈ రక్షణను తీసివేయును.

బెణుకు, పండ్లపోటు, స్త్రీల ఋతుకాలపు నొప్పి, వీనికి ఐబుప్రొఫెన్ బాగుగా పనిచేయును. ఆరోగ్యవంతులైన పెద్దవారు 200 మొదలు 400 మిల్లీగ్రాములు అన్నము తిన్న పిదప తీసికొనవచ్చును. వైద్యుని సలహా లేనిచో దినమునకు 1,200 మిల్లీగ్రాములు మించరాదు. నాలుగైదు దినములకన్న సాగదీయరాదు. ఈ జాతి మాత్రలు రెండింటిని ఒకే దినమున కలిపి తినుట వలన గుణము హెచ్చదు, హాని హెచ్చును.

పూర్వము కడుపులో పుండు పడినవారును, మూత్రపిండముల జబ్బు గాని గుండెజబ్బు గాని గలవారును, ఇట్టి మాత్రలచే ఉబ్బసము రేగినవారును, గర్భిణీస్త్రీలును వీనిని తమంత తాము వాడరాదు. రక్తపుపోటు మాత్రలు, నీరు తీయు మాత్రలు వాడువారికి మూత్రపిండముల కపాయము హెచ్చు. గుండె కొఱకు దినమునకు 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసికొనువారు ఐబుప్రొఫెన్ జోలికి పోయినచో, ఆ ఆస్పిరిన్ పనికి అడ్డు కలుగవచ్చును. మలము తారువలె నల్లబడినను, రక్తము వాంతియైనను, మూత్రము తగ్గినను, ముఖము ఉబ్బినను మాత్ర మాని వెంటనే వైద్యుని చూడవలెను.

మాకు ఎక్కువ చింత కలిగించువారు కాయకష్టము చేయువారు. ఎండలో పనిచేసి, నీరు చాలినంత త్రాగక, మఱునాడు పనికి పోవలయునని రాత్రి యొక మాత్ర వేసికొందురు. అది వారమునకు ఆఱు దినముల యలవాటగును. చెమటచే నీరు కోల్పోయిన దేహమునకు ఈ మాత్రలు మిక్కిలి ప్రమాదకరములు. శ్రీకాకుళపు ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి విస్తారముగా నున్నది. దానికి మూలకారణము నిశ్చయముగా తేలలేదు. తేలకున్నను, ఇదివఱకే బలము తగ్గిన మూత్రపిండములపై ఈ భారము మోపరాదన్నది నిశ్చయము. పశువులకు డైక్లోఫెనాక్ ఇచ్చుచుండిన కాలమున, ఆ కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి లెక్కకు మిక్కిలిగా చచ్చెను. భారతదేశమున 2006లో పశువులకు ఆ మందు నిషేధింపబడెను. మనుష్యుని దేహము రాబందు దేహమువంటిది కాదు, నిజమే. అయినను ఊరక నిత్యము మ్రింగదగిన వస్తువు కాదని తెలియుటకు ఈ యుదాహరణము చాలును.

వర్షకాలపు జ్వరములయెడ మఱింత జాగ్రత్త వలయును. డెంగీ జ్వరమున కన్నుల వెనుక నొప్పి, ఎముకలు విఱిచినట్లు బాధ యుండును. రోగి సహజముగా బలమైన మాత్ర కోరును. కాని డెంగీయందు ప్లేట్‌లెట్లు తగ్గి రక్తస్రావమగు ప్రమాదమున్నది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఆ ప్రమాదమును హెచ్చించును. జ్వరము డెంగీ కాదని తేలువఱకు పారసెటమాల్ తప్ప వేఱొకటి వలదు. ఇదే కారణముచే నొప్పి సూదిమందు వేయుమని యొత్తిడి చేయుటయు తగదు.

పిల్లల మోతాదు వయస్సును బట్టి కాక బరువును బట్టి యుండును: పారసెటమాల్ కిలోగ్రామునకు ఒక్కొక్క మాఱు 15 మిల్లీగ్రాములు మించరాదు. మందు సీసాతో వచ్చిన కొలపాత్రనే వాడవలెను, వంటింటి చెంచాను కాదు. పసిబిడ్డల చుక్కలమందు తఱచు పానకముకన్న అనేక రెట్లు గాఢము. ఒకదాని కొలతతో మఱియొకటి పోయరాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యరాదు. పండ్రెండేండ్లలోపువారికి నిమెసులైడ్ 2011లోనే నిషేధింపబడెను.

పైపూత మందులు సాధారణముగా తక్కువ హాని గలవి. బెణుకునకు మొదటి రెండు దినములు విశ్రాంతి, చల్లని నీటి గుడ్డ, కట్టు. నడుము పట్టునకు వేడి కాపడము. వీనితోనే సగము నొప్పులు తీరును. అయితే వింటర్‌గ్రీన్ నూనె సీసాను పిల్లల కందనీయరాదు. ఒక చిన్న చెంచాడు నూనెలో సుమారు ఇరువది ఆస్పిరిన్ మాత్రలకు సమానమైన సారముండును.

1945 నాటి ఔషధముల నిబంధనల ప్రకారము డైక్లోఫెనాక్, నిమెసులైడ్ మొదలగునవి వైద్యుని చీటీపై మాత్రమే అమ్మదగినవి. అట్టివాని పట్టీపై "ఆర్ఎక్స్" అను గుర్తుండును. అమ్మువారు ఈ నియమమును తఱచు పాటింపరు గావున కొనువారే ఆ గుర్తును చూచుకొనవలసియున్నది. పట్టీ కత్తిరించి యిచ్చునపుడు మందు పేరును, గడువు తేదీయు దుకాణమునందలి ముక్కపైననే మిగిలిపోవుట కలదు. పేరున్న ముక్కనే యిమ్మని యడుగుడు. అది వీలుకానిచో కాగితపు సంచిపై మందు పేరు, మిల్లీగ్రాములు, తేదీ వ్రాయించుకొనుడు. ఇంటిలోని మందుల డబ్బాలో పేరు తెలియని మాత్రలున్నచో నేడే తీసి పాఱవేయుడు.