గుమ్మం తోరణం: ముందు నమూనా, తర్వాతే ఆర్డర్
(కుట్టు మిషన్ పథకం లబ్ధిదారుల కోసం పాఠం – పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతం)

మిషన్ ఇంటికొచ్చింది, శిక్షణ కూడా అయిపోయింది. కానీ బ్లౌజుల పని రోజూ ఉండదు. పండగల ముందు మాత్రం గుమ్మాలకు తోరణాలు అడిగేవాళ్లు ఉంటారు. దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది... ఏ పండగకైనా పనికొచ్చేది మామిడాకుల తోరణం. దేవుడి బొమ్మ లేకుండా ఆకులు, పూలతోనే కుడితే క్రిస్మస్‌కో, రంజాన్‌కో గోడకు వేలాడదీసుకునేవాళ్లు కూడా కొంటారు.

చాలామంది అక్కచెల్లెళ్లు నష్టపోయేది కుట్టు రాక కాదు. నమూనా కుట్టకుండా ఆర్డర్ ఒప్పుకోవడం వల్ల. ఎంత గుడ్డ పడుతుంది, ఎన్ని గంటలు పడుతుంది తెలియకుండా ధర చెప్పేస్తారు. తర్వాత రాత్రిళ్లు కూర్చుని కుట్టినా కూలి గిట్టదు. అందుకే ఈ పాఠంలో ఒక్క తోరణం కుడదాం, దాని లెక్క రాద్దాం.

1. ఏమేం కావాలి?

మూడడుగుల (36 అంగుళాల) గుమ్మానికి, 44 అంగుళాల పన్నా ఉన్న కాటన్ గుడ్డ అయితే: ఆకులకు పచ్చది ముప్పావు మీటరు, పట్టీకి ఎర్రది అర మీటరు. ఇంకా బక్రం, పేపర్ కాన్వాస్, ఎంబ్రాయిడరీ సిల్కు దారం, కొంచెం జరీ దారం, చెక్క రింగు, 14, 16 నంబర్ సూదులు.

పంజాగుట్టలో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వైపు వెళ్తే గాంధీభవన్ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి బేగంబజార్ దగ్గరే. నలుగురు కలిసి తెచ్చుకుంటే ఛార్జీలు కలిసొస్తాయి. బిల్లు తప్పకుండా తీసుకోండి, లెక్కకు అదే ఆధారం.

గుడ్డ తెచ్చిన రోజే నీళ్లలో నానబెట్టి ఆరేయండి. ఎరుపు రంగు దిగితే అప్పుడే తెలుస్తుంది. కాటన్ కుంచించుకుపోయేది కూడా అప్పుడే పోతుంది.

2. మామూలు మిషన్‌తో ఎంబ్రాయిడరీ

ఆకులు ముందే కత్తిరించకండి. గుడ్డ మీద గీసి, ఎంబ్రాయిడరీ అయ్యాక కత్తిరించాలి. ఒక్కో ఆకు 3 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు. చుట్టూ పావు అంగుళం, పైన అర అంగుళం కుట్టుకు వదలాలి.

• గుడ్డ కింద పేపర్ కాన్వాస్ పెట్టి రింగులో బిగించండి. గుడ్డ రింగు అడుగున మిషన్ బల్లకు ఆనుకుని ఉండాలి. డప్పులా బిగువుగా ఉండాలి. వదులైతే ముడతలు పడతాయి, ఆ ముడత ఇస్త్రీకి కూడా పోదు.
• ఫుట్ విప్పేయండి. గుడ్డను ముందుకు తోసే పళ్లను దించండి. దించే వీలు లేని మిషన్ అయితే పళ్ల మీద కప్పే ప్లేటు పెట్టండి.
• ఫుట్ లేకపోయినా దాని వెనక ఉండే లివర్ కిందికి దించడం మరచిపోవద్దు. అది పైకి ఉంటే పైదారానికి బిగువు రాదు, గుడ్డ కింద దారం ఉండ కడుతుంది.
• ముందు అంచు మీద రెండుసార్లు కుట్టు, తర్వాత లోపల నింపుడు, చివర జరీతో ఈనె. జరీ తెగుతుంటే 16 నంబర్ సూది వేసి, దారం బిగువు కాస్త తగ్గించి నిదానంగా తొక్కండి.

జాగ్రత్త: ఫుట్ లేదు కాబట్టి సూదికి, వేలికి మధ్య అడ్డం ఏమీ ఉండదు. రింగు అంచులే పట్టుకోండి. మోటార్ మిషన్ అయితే సూది మార్చేటప్పుడు స్విచ్ ఆపండి. చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి.

3. తోరణం కలపడం

ఆకులు 11 కావాలి. 11 ఆకులకు 33 అంగుళాలు, రెండు చివరలా ఒకటిన్నర చొప్పున ఖాళీ, మొత్తం 36. బేసి సంఖ్య అయితే ఒక ఆకు సరిగ్గా మధ్యలోకి వస్తుంది.

ఒక్కో ఆకుకు వెనక గుడ్డ వేసి, మంచి వైపులు లోపలికి పెట్టి కుట్టండి. పైభాగం వదిలి, కొన దగ్గర మిగులు కత్తిరించి, తిప్పి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ ఎప్పుడూ వెనక వైపు నుంచే, వేడి తక్కువ పెట్టి. ఎక్కువైతే జరీ నల్లబడుతుంది.

పట్టీకి ఎర్రగుడ్డ 37 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పుతో రెండు ముక్కలు కత్తిరించండి. ఒకదాని వెనక 36x4 బక్రం అతికించండి. ఆ ముక్క మంచి వైపు మీద కింది అంచుకు ఆకులు, పై అంచుకు 5 లూపులు పెట్టండి. ఆకులు, లూపులు పట్టీ లోపలికి తిరిగి ఉండాలి, ఆకుల కొనలు పై కుట్టులో పడకుండా లోపలికి మడిచి పెట్టాలి. రెండో ముక్క పైన పరిచి, అర అంగుళం కుట్టు వేయండి. ఒక చివర తెరిచి ఉంచి, అందులోంచి తిప్పాక ఆ చివర మూసేయండి. లూపులు కాస్త వదులుగా ఉంటే పండగనాడు నిజమైన మామిడాకులు కూడా దూర్చుకోవచ్చు. ఇది కొనేవారికి చూపించండి, నచ్చుతుంది.

4. ధర ఎలా చెప్పాలి?

నమూనా కుట్టేటప్పుడు మొదలుపెట్టిన టైమ్, ఆపిన టైమ్ రాసుకోండి. ఉదాహరణకు:

గుడ్డ, బక్రం, కాన్వాస్ – 140 రూపాయలు
దారాలు, సూది, కరెంటు – 60 రూపాయలు
మీ పని 5 గంటలు, గంటకు 60 – 300 రూపాయలు
పాడయ్యే వాటికి – 50 రూపాయలు
మొత్తం – 550 రూపాయలు

ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు. మీ బిల్లులు, మీ గంటలు పెట్టి మార్చుకోండి. ‘‘ఇంట్లో ఖాళీగానే ఉన్నా కదా’’ అని కూలి వదిలేయకండి. అది మీ సంపాదన.

బజారులో ఇంతకన్నా చవక తోరణాలు దొరుకుతాయి. వాటితో ధరలో పోటీ పడలేం. మన బలం వేరు: వాళ్ల గుమ్మం కొలతకు, వాళ్లు అడిగిన రంగులో కుట్టి ఇవ్వడం. ఆ మాటే చెప్పి అమ్మండి.

5. ఎన్ని ఒప్పుకోవాలి?

పండగకు 20 రోజులు ఉంది, రోజుకు 3 గంటలు కుదురుతుంది అనుకుందాం. అంటే 60 గంటలు. ఒక్కోదానికి 5 గంటలు అయితే 12 తోరణాలు. జ్వరాలు, చుట్టాలు, కరెంటు కోతలు ఉంటాయి కాబట్టి 10కి మించి ఒప్పుకోవద్దు. సగం డబ్బు అడ్వాన్స్ తీసుకుని, కొలత, రంగు, ఇచ్చే తేదీ నోట్‌బుక్‌లో రాయండి. పండగ దాటాక ఇచ్చిన తోరణానికి విలువ ఉండదు, పోయిన మాట కూడా తిరిగి రాదు.

మొదటి నమూనాను అమ్మేయకండి. మీ గుమ్మానికే కట్టండి. దారిన పోయేవాళ్లు చూసి అడుగుతారు. అప్పుడు ధర, తేదీ రెండూ తడుముకోకుండా చెప్పగలుగుతారు.