ఆసుపత్రికి ఒక ఉత్తరం

పిల్లలూ! ఈ పాఠం చివర మీరు ఒక ఉత్తరం రాయాలి. ఆసుపత్రిలో పనిచేసే నర్సులకు రాయవలసిన ఉత్తరం అది. కలం పట్టే ముందు 'కృతజ్ఞత' అనే మాటను కొంచెం విప్పి చూద్దాం. 'కృత' అంటే చేయబడినది. 'జ్ఞ' అంటే తెలిసినవాడు. ఒకరు తనకు చేసిన మేలును ఎరిగినవాడు కృతజ్ఞుడు. కృతఘ్నుడి సంగతి వేరు. 'ఘ్న' అంటే చంపేవాడు. చేసిన మేలును చంపేవాడన్నమాట! బస్సు దిగుతూ డ్రైవరుకు 'థాంక్యూ' చెబుతాం. అది మర్యాద, ఉండవలసిందే. కాని కృతజ్ఞత చెప్పాలంటే ఆ మనిషి మనకు ఏమి చేసిందో ముందు తెలిసి ఉండాలి.

ఇంగ్లండులో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని తీసుకుందాం. నానమ్మగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. కొడుకు దగ్గరకు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆమెకు రొమ్ము కాన్సరు వచ్చింది. ఆపరేషను అయింది. తరువాత మూడు వారాలకు ఒకసారి చొప్పున ఆరుసార్లు కీమోథెరపీ ఇవ్వాలన్నారు. ఈ దేశంలో 1948 నుండి జాతీయ ఆరోగ్య సేవ ఉన్నది కాబట్టి వైద్యానికి డబ్బు ఎక్కడిది అన్న బెంగ వాళ్ళకు లేదు. భాష ఒక్కటే బెంగ.

మొదటి రోజు నర్సు వచ్చి పేరు, పుట్టిన తేదీ అడిగింది. చేతి పట్టీ మీద ఉన్నదానితో సరిచూసుకున్నది. మందు తెచ్చిన తరువాత మళ్ళీ అదే ప్రశ్న. ఇంకొక నర్సు కూడా వచ్చి అదే అడిగింది. నానమ్మగారికి చిరాకు వేసింది. "ఇందాకే చెప్పానుగా, మళ్ళీ అడుగుతారేమిటే?" అన్నారు మనవరాలితో. అసలు ఆవిడకు తెలిసిన పుట్టినరోజు శ్రావణమాసంలో, గోదావరి పుష్కరాలు వచ్చిన ఏడాది. పాస్‌పోర్టులో ఉన్న తేదీ బడిలో వేసినది. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఇలా రెండు పుట్టినరోజులు ఉంటాయి. మీ ఇంట్లో అడిగి చూడండి.

ఎందుకు అన్నిసార్లు అడుగుతారు? కాన్సరు మందు కొలత ప్రతి మనిషికీ వేరు. ఎత్తు, బరువు చూసి లెక్క కడతారు. ఒకరి మందు ఇంకొకరికి పొరపాటున వెళితే ప్రాణానికే ముప్పు. ఈ సంగతి తెలిశాక నానమ్మగారు పాస్‌పోర్టు తేదీని ఇంగ్లీషులో బట్టీపట్టి, అడగక ముందే గడగడా చెప్పడం మొదలుపెట్టారు.

ఆమె చేతి నరం దొరకడం కష్టమయ్యేది. నర్సు గోరువెచ్చని నీళ్ళలో చేయి పెట్టించి, నిదానంగా వెతికేది. మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. అది నరంలో నుండి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ పాడవుతుంది. అందుచేత దాన్ని సెలైన్ సీసాలా వేలాడదీసి వెళ్ళిపోరు. నర్సు పక్కనే కూర్చుని, సిరంజితో కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, కళ్ళు తిప్పకుండా ఆ చేతినే చూస్తుంది. నొప్పిగా ఉందా, మంటగా ఉందా అని మధ్య మధ్య అడుగుతుంది. మూడవసారి వెళ్ళేసరికి ఆ నర్సు 'మంట' అనే తెలుగు మాట నేర్చుకున్నది. "మంటా?" అని ఆమె అడగడం, "లేదు తల్లీ" అని ఈవిడ అనడం. ఆ మందు వల్ల ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుందని కూడా ముందే చెప్పించింది. చెప్పకపోతే ఇంటిల్లిపాదీ రక్తమనుకొని హడలిపోయేవారు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఇంగ్లీషు బాగా వచ్చు కదా అని పెద్దవాళ్ళు మిమ్మల్ని ఆసుపత్రిలో దుబాసీగా నిలబెట్టవచ్చు. మంచినీళ్ళు అడగడానికి ఫరవాలేదు. జబ్బు సంగతులు, మందుల సంగతులు చెప్పే బరువు మీది కాదు. ఆసుపత్రివారిని అడిగితే తెలుగు దుబాసీని ఏర్పాటు చేస్తారు. ఈ అమ్మాయి విషయంలో, దుబాసీ కావాలని అడగమని ఇంట్లోవారికి చెప్పింది కూడా నర్సే.

నాలుగవ విడత తరువాత ఒక రాత్రి నానమ్మగారికి జ్వరం వచ్చింది. 38 డిగ్రీలు దాటింది. "పారాసిటమాల్ వేసి పడుకోబెడదాం, తెల్లవారాక చూద్దాం" అన్నారు నాన్నగారు. మన ఇళ్ళల్లో ఎవరైనా అదే అంటారు. కాని ఆసుపత్రివారు ఇచ్చిన కార్డు ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉన్నది. జ్వరం వస్తే ఏ వేళనైనా ఫోను చేయమని దాని మీద ఉంది. కీమోథెరపీ వల్ల తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. అప్పుడు చిన్న సూక్ష్మజీవి కూడా గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. పారాసిటమాల్ జ్వరాన్ని కప్పిపుచ్చుతుంది, జబ్బును ఆపదు. ఫోను ఎత్తిన నర్సు వెంటనే బయలుదేరమన్నది. ఆసుపత్రి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆ రాత్రి ఫోనులో మాట్లాడిన నర్సు ముఖం ఆ కుటుంబం ఇంతవరకూ చూడలేదు.

ఆరు విడతలూ అయ్యాయి. నానమ్మగారు పట్టుచీర కొని, పసుపు కుంకుమలతో నర్సుకు పెడతానన్నారు. నర్సు చేతులు జోడించింది కాని చీర పుచ్చుకోలేదు. నానమ్మగారు నొచ్చుకున్నారు. పుచ్చుకోకపోవడం పొగరు కాదు. ఈ దేశంలో నర్సుల ప్రవర్తనా నియమావళి ప్రకారం వారు చాలా స్వల్పమైన కానుకలు తప్ప మరేమీ తీసుకోకూడదు. చీర ఇచ్చినవారికి ఒక రకంగా, ఇవ్వలేనివారికి ఇంకొక రకంగా సేవ జరగకూడదు గదా!

మరి ఏమివ్వాలి? ఉత్తరం. 2016 నుండి ఇక్కడి నర్సులు మూడేళ్ళకొకసారి తమ నమోదును నిలుపుకోవడానికి, తమ పనిని గురించి ఇతరులు చెప్పిన అభిప్రాయాలు అయిదు చూపించాలి. రోగి ఇంటివారి మాట కూడా అందులో లెక్కకు వస్తుంది. వార్డు సిస్టరుకు పంపితే తగినవారికి చేరుతుంది. అన్నట్లు, మన ఊళ్ళల్లో ప్రతి నర్సునూ సిస్టరంటాం. ఇక్కడ సిస్టరంటే వార్డు పెద్ద.

కొందరు తమ వారి జబ్బును గుర్తుపెట్టుకొని ఇంకా పెద్ద పనులే చేశారు. తండ్రి కాన్సరుతో పోగా డగ్లస్ మాక్మిలన్ 1911లో ఒక సంఘం పెట్టాడు. ఆ సంఘం పేరుతో మాక్మిలన్ నర్సులు 1975 నుండి ఉన్నారు. నందమూరి తారక రామారావుగారి భార్య బసవతారకంగారు కాన్సరుతో మరణించారు. ఆమె పేరున హైదరాబాదులో కాన్సరు ఆసుపత్రి 2000లో తెరిచారు. మనకు ఒక కాగితం చాలు.

మనవరాలు రాసిన ఉత్తరంలో కొంత భాగం ఇది. తెలుగులో రాసి, కింద ఇంగ్లీషు కూడా రాసింది.

"మా నానమ్మ చేతిని మీరు గోరువెచ్చని నీళ్ళలో పెట్టేవారు. 'మంటా?' అని అడిగేవారు. ఎర్రమందు ఎక్కినంతసేపూ మీరు లేవలేదు, భోజనం వేళ దాటినా లేవలేదు. నానమ్మ మీకు చెప్పమన్న మాట ఇది: నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ. దీనికి ఇంగ్లీషు నాకు దొరకలేదు."

అభ్యాసం

1. రెండు పుట్టినరోజులు ఉన్న పెద్దవారిని ఒకరిని కలిసి, ఆ కథ అడిగి అయిదు వాక్యాలలో రాయండి.

2. కృతజ్ఞుడు, కృతఘ్నుడు, దుబాసీ, నొచ్చుకొను – సొంత వాక్యాలలో ప్రయోగించండి.

3. 'నీ కడుపు చల్లగా ఉండాలి' అన్నదానికి ఇంగ్లీషు దొరుకుతుందేమో మీరు ప్రయత్నించండి.

4. మీ ఇంట్లో ఎవరికైనా సేవ చేసిన నర్సుకు ఉత్తరం రాయండి. ఆమె చేసిన పని ఒక్కటైనా అందులో ఉండాలి. 'ధన్యవాదాలు' అన్న మాట మాత్రం వాడకూడదు.