చార్ట్ మీది అక్షరం చెక్కలోంచి వచ్చింది



ప్రాజెక్ట్ వర్క్ చేస్తూ "ఈ ఫాంట్ బాగుందా, అది బాగుందా?" అని మీ పిల్లలు మిమ్మల్ని అడిగే ఉంటారు. పాత సర్కస్ పోస్టర్లను, కౌబాయ్ సినిమాల్లోని "వాంటెడ్" కాగితాలను గుర్తుచేసే లావుపాటి ఇంగ్లీషు అక్షరాలంటే వాళ్లకు మహా ఇష్టం. అవి కంప్యూటర్‌లో పుట్టినవి కావు.

పూర్వం అచ్చు అక్షరాలను సీసం కలిసిన లోహంతో పోతపోసేవారు. పుస్తకాలకు అది సరిపోయింది. గోడ పోస్టరుకు జానెడు అక్షరం కావాలంటే మాత్రం బరువూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. పైగా చల్లారేటప్పుడు అక్షరం ముఖం చదునుగా వచ్చేది కాదు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్కను తొలిచే రౌటర్ యంత్రంతో అక్షరాలు చేయడం మొదలుపెట్టాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఆ యంత్రానికి పాంటోగ్రాఫ్‌ను జోడించాడు.

ఈ పాంటోగ్రాఫ్ దగ్గర కాసేపు ఆగాలి. నాలుగు పట్టీలను సమాంతర చతుర్భుజంలా కీళ్లతో కలిపి, ఒక కొసను కదలకుండా బిగిస్తారు. ఒక ములుకు నమూనా అక్షరం అంచు వెంట నడుస్తుంటే, ఇంకోచోట ఉన్న కత్తి అదే ఆకారాన్ని పెద్దదిగానో చిన్నదిగానో చెక్కుతుంది. పదో తరగతిలో చదివే సరూప త్రిభుజాల పాఠమే ఇది! దళసరి అట్టముక్కలు, పిన్నులు, రెండు పెన్సిళ్లతో ఒక ఆదివారం ఇంట్లో చేయించండి. మొదటిసారి గీత వంకరగా వస్తుంది, పరవాలేదు.

1990లో అడోబి సంస్థ ఆ చెక్క అక్షరాల ఆధారంగా ఫాంట్లు తయారుచేసి, వాటికి చెట్ల పేర్లే పెట్టింది: కాటన్‌వుడ్, ఐరన్‌వుడ్, జునిపర్, పాండెరోసా.

ఫాంట్ కూడా అంచు గీతే కాబట్టి ఏ సైజుకైనా పెరుగుతుంది, తగ్గుతుంది. చిక్కు అక్కడే ఉంది. వీధి అవతలి నుంచి చదవడానికి చేసిన అక్షరాన్ని నోట్‌బుక్ సైజుకు కుదిస్తే లోపలి ఖాళీలు పూడిపోతాయి. తెలుగులో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ద-ధ, ప-ఫ మధ్య తేడా అడుగున ఉండే చిన్న గీత. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైన ఒక చిన్న మెలిక. అవి పూడిపోతే మూడో తరగతి పిల్లవాడు "ధార"ను "దార" అని చదువుతాడు. మనం "శ్రద్ధ లేదు" అంటాం. కోప్పడే ముందు ఆ కాగితాన్ని ఒకసారి మీరు చదివి చూడండి.

రామభద్ర, ధూర్జటి వంటి ఉచిత తెలుగు ఫాంట్లు శీర్షికలకు, పోస్టర్లకు చేసినవి. వాటిని శీర్షికకే వాడమనండి. కింది పేరాలకు, వార్తాపత్రికల కోసం రూపొందించిన మండలి లాంటి సాదా ఫాంట్ మేలు. చార్ట్ నిండా అలంకారమే ఉంటే మా టీచర్లకు కూడా చదవడం కష్టం, నిజంగానే!

ప్రింట్ తీశాక శీర్షికను గోడకు అంటించి గుమ్మం దగ్గర నిలబడి చదవమనండి. పేరాను అమ్మమ్మకో తాతయ్యకో ఇవ్వండి. వాళ్లు కళ్లజోడు సవరించుకుంటే, సైజు పెంచే ముందు ఫాంట్ మార్చి చూడండి.