ఈ జబ్బు ఎవరి వైపు నుంచి వచ్చింది?

పిల్లవాడికి స్కిజోఫ్రీనియా అని డాక్టరు గారు చెప్పగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ఇదే. చాలాసార్లు నింద తల్లి మీదే పడుతుంది. ఆ భయంతో కొందరు కేసు షీటు రాసేటప్పుడు కుటుంబ వివరాలు మా దగ్గర దాచిపెడతారు. అందుకే ఈ పాఠం.

జబ్బు లక్షణాలు: 13 ఏళ్లలోపే మొదలయ్యే స్కిజోఫ్రీనియా చాలా అరుదు. సుమారు 40,000 మంది పిల్లలలో ఒకరికి వస్తుంది. ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం, ఎవరో హాని చేస్తారనే భయం, పొంతన లేని మాటలు, చదువులో వెనుకబడటం దీని లక్షణాలు. ఊహల్లోని స్నేహితుడితో కబుర్లాడే పసివాళ్లందరికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు.

వంశపారంపర్యమా? జన్యువుల పాత్ర తప్పక ఉంది. కాని ఒక్క జన్యువు వల్ల వచ్చే జబ్బు కాదిది. ఏ వయసులోనైనా స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం సాధారణంగా 100 మందిలో సుమారు ఒకరికి. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, పిల్లలలో సుమారు 10 మందిలో ఒకరికి. అంటే మిగతా తొమ్మిది మందికి రాదు. జన్యువులన్నీ ఒకటే అయిన కవలలలో కూడా ఒకరికి వస్తే రెండవవారికి తప్పనిసరిగా రాదు.

కొత్తగా వచ్చే మార్పు: 1990లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఇలాంటి పిల్లలపై పరిశీలన మొదలుపెట్టింది. పెద్ద వయసులో జబ్బు వచ్చినవారి కంటే ఈ పిల్లలలో క్రోమోజోము ముక్కలు లోపించడం, రెట్టింపు కావడం ఎక్కువగా కనిపించాయి. వాటిలో ముఖ్యమైనది 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించడం. ఈ లోపమున్న 10 మందిలో సుమారు 9 మందికి అది తల్లి నుంచీ రాలేదు, తండ్రి నుంచీ రాలేదు. బిడ్డ రూపుదిద్దుకునేటప్పుడే కొత్తగా ఏర్పడింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

మీరు చేయవలసినది: బిడ్డకు పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక, కాల్షియం తగ్గి ఫిట్స్ రావడం, మాటలు ఆలస్యంగా రావడం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అవసరమైతే రక్తంతో జన్యు పరీక్ష చేయిస్తారు. దానితో జబ్బు నయం కాదు. కాని గుండెను, కాల్షియంను గమనించుకోవచ్చు, తరువాతి కాన్పు గురించి సరైన సలహా పొందవచ్చు. మందులు మాత్రం సొంతంగా ఆపకండి.

మీ అన్నకో, మేనత్తకో, తాతగారికో మానసిక జబ్బు ఉందా అని మేము అడిగేది తప్పు పట్టడానికి కాదు. మీ బిడ్డకు సరైన వైద్యం అందించడానికే. దయచేసి దాచకండి.