ఇంటి కావలి కెమెరాల జ్ఞాపకము

కెమెరాలు చూచినదెల్లయు రికార్డరులో శాశ్వతముగా నిలుచునని మేము తలంచియుంటిమి. విద్యార్థులారా, లెక్క వేయుఁడు. ఒక కెమెరా దృశ్యము సెకనునకు 4 మెగాబిట్ల చొప్పున నమోదైనచో దినమునకు సుమారు 43 గిగాబైట్లగును, నాలుగింటికి 172. కావున 1 టెరాబైటు హార్డుడిస్కు ఆఱు దినములకైనను చాలదు. అది నిండఁగానే రికార్డరు సాధారణముగాఁ బాత దృశ్యములను జెఱిపి క్రొత్తవి వ్రాయును.

మేము పది దినములు ఊరికిఁ బోయి వచ్చునప్పటికిఁ బెరటిలోని ఇత్తడి గంగాళము లేదు. మొదటి రాత్రియే పోయినదని పొరుగువారనిరి. ఆ రాత్రి డిస్కులోను లేదు!

పిమ్మట 4 టెరాబైట్ల డిస్కు నమర్చితిమి. క్రొత్త డిస్కును మొదట ఫార్మాటు చేయవలయును. దృశ్యములున్నదానిని జేసినచో నున్నదెల్లఁ బోవును. కదలికనుబట్టియే వ్రాయునట్లు చేసినచో మఱికొన్ని దినములు కలిసివచ్చును, గాని గాలికూఁగు అరటియాకును గూడ నది దొంగయనియే యెంచుచున్నది. వలసిన దృశ్యమును మాత్రము ఆనాఁడే పెన్‌డ్రైవునకుఁ జేర్చుచున్నాము.