ఎల్‌ఈడీ బ్రేక్ లైటు పోతే: చేయవలసినవి - చేయకూడనివి

సాయంత్రం షిఫ్టు వదిలాక పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దిక్కు 65వ నంబరు జాతీయ రహదారి మీద బండి నడిపేవాళ్లకు కాలు బ్రేకు మీదే ఉంటుంది. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగిన లారీలు వచ్చి కలుస్తాయి. ఇస్నాపూర్ చౌరస్తాలో పాశమైలారం నుంచి వచ్చే కంపెనీ బస్సులు కలుస్తాయి. మీ వెనక వస్తున్నది నిండు సాల్వెంట్ ట్యాంకరు కావచ్చు. కారు ఆగినంత దూరంలో అది ఆగదు. మీరు ఆగుతున్నారని దాని డ్రైవరుకు ముందుగా చెప్పేది బ్రేక్ లైటు ఒక్కటే. అది పోతే స్టీరింగు ముందున్న మీకు తెలిసే దారి చాలా కార్లలో లేదు.

మామూలు బల్బులో ఫిలమెంటు వేడెక్కి నిండుగా వెలగడానికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీ అయితే బ్రేకు తొక్కిన క్షణంలోనే వెలుగుతుంది. ఔటర్ మీద కార్ల గరిష్ఠ వేగాన్ని 2023 లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంలో సెకనులో అయిదో వంతంటే ఆరున్నర మీటర్లకు పైమాటే. వెనకవాడికి ఎల్‌ఈడీ ఇచ్చే అదనపు దూరం అది. వెనక అద్దం దగ్గరుండే మూడో బ్రేక్ లైటును అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి చేశారు. ఆ ఒక్క దీపం వల్ల వెనక నుంచి గుద్దే ప్రమాదాలు దీర్ఘకాలంలో 4.3 శాతం తగ్గినట్టు అక్కడి రహదారి భద్రతా సంస్థ 1998 లో తేల్చింది.

చేయవలసినవి

వారానికోసారి, చీకటి పడ్డాక, కారును గోడకో షట్టరుకో వెనక్కి ఆనించినంత దగ్గరగా నిలిపి బ్రేకు తొక్కండి. అద్దాల్లో ఎర్రటి వెలుగు రెండు వైపులా సమానంగా పడాలి. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ అన్నను ఒక్కసారి వెనక్కి చూడమన్నా సరిపోతుంది.

లైటు వెలగలేదనగానే కొత్త ల్యాంపు కొనేయకండి. ఎల్‌ఈడీతోనే తయారై వచ్చిన కార్లలో చాలావాటికి బల్బు విడిగా ఉండదు. ల్యాంపు మొత్తం సీలు వేసిన ఒకే డబ్బా, ధర వేలల్లో. ముందు ఏది పోయిందో తేల్చుకోండి. మూడూ ఒకేసారి ఆరిపోతే అనుమానం ఫ్యూజు మీదకు, పెడల్ దగ్గరుండే స్విచ్చు మీదకు పోవాలి. ఆటోమేటిక్ కారు గేరు ‘పి’ నుంచి కదలకపోతే ఆ స్విచ్చు మీద అనుమానం ఇంకా బలపడుతుంది. ఒక్క వైపే పోతే ఆ వైపు కప్లరు (ల్యాంపుకు వైర్లు తగిలించే ప్లగ్గు), ఎర్త్ వైరు చూశాకే ల్యాంపును అనుమానించండి. బ్రేకు తొక్కితే ఇండికేటరో పార్కింగ్ లైటో మసకగా వెలిగిందంటే ఎర్త్ సరిగా లేనట్టే.

ఇంకో రకం ఉంది, లైటు అసలు ఆరకపోవడం. పెడల్ కాడ రంధ్రంలో ఉండే చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు స్టాపర్ పాతబడి పొడిపొడిగా రాలిపోతుంది. అప్పుడు స్విచ్చు మొన ఆ రంధ్రంలో దూరిపోయి, పెడల్ వదిలినా లైటు వెలుగుతూనే ఉంటుంది. కాళ్ల దగ్గర మ్యాటు మీద చిన్న చిన్న పెంకులు కనిపిస్తే అవే. ఎప్పుడూ వెలిగే బ్రేక్ లైటు వెలగనిదానితో సమానం. మీరు నిజంగా ఆగినప్పుడు వెనకవాడికి తేడా తెలియదు. ఈ స్టాపర్ చాలా చవక.

ఒక్క వైపే పోయిన లైటు సంగతి చూడాలంటే, ఇగ్నిషన్ ఆపి, డిక్కీ లోపలి నట్లు విప్పి, ల్యాంపును నేరుగా వెనక్కి లాగండి. పెయింటు గీరుకోకుండా అంచుకు మాస్కింగ్ టేపు వేయండి. కప్లరు ఊడదీసి పిన్నులు వెలుతురులో చూడండి. డిక్కీ రబ్బరు సందుల్లోంచి నీరు దిగిన కారైతే రాగి పిన్ను మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. ఒక్కోసారి పిన్ను నల్లబడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంటుంది. చిలుమైతే కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. కరిగితే కప్లరు మార్చాలి.

మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, ఒకరిని బ్రేకు తొక్కమని, పిన్ను దగ్గర చూడండి. 12 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ఆ తర్వాత కప్లరు తిరిగి తగిలించి, బ్రేకు తొక్కి ఉంచి, ల్యాంపు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. ఆ లెక్క వోల్టులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటే మంచిది. అరవోల్టు దాటితే ఎర్త్ బిగించిన చోట తుప్పు గీకి బోల్టు బిగించండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

చేయకూడనివి

హైవే అంచున, అందునా చీకట్లో, కారు వెనక వంగి పని చేయకండి. వెనక లైటు లేని కారు వెనక నిలబడ్డ మనిషి ఇంకెవరికీ కనిపించడు. పెట్రోలు బంకులోకో సర్వీసు రోడ్డు లోపలికో తీసుకుపోండి. కారు కదలకపోతే హజార్డ్ లైట్లు వేసి, వార్నింగ్ ట్రయాంగిల్‌ను బాగా వెనక పెట్టి, రెయిలింగ్ అవతలికి వెళ్లి 1033 కు ఫోన్ చేయండి.

ఫ్యాక్టరీ పార్కింగులో సోల్డరింగ్ ఐరన్, హీట్ గన్ తీయకండి. బల్క్ డ్రగ్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు హాట్ వర్క్ పర్మిట్ (నిప్పు, వేడి పుట్టించే పనికి ముందే తీసుకునే అనుమతి) అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. అదే నియమం సొంత కారుకూ వర్తిస్తుంది.

10 ఆంపియర్ల ఫ్యూజు ఊరికే పోతోందని 20 వేయకండి, వెండి రేకు అసలే చుట్టకండి. ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. పసుపు రంగు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగువి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి. వాటి దగ్గర టెస్టర్ గుచ్చకండి. కంప్యూటర్ నడిపే లైట్ల వైరుకు పాత టెస్ట్ బల్బు కూడా పెట్టకండి, మీటరు వాడండి.

ఆల్టర్నేటర్ పనిచేస్తోందా అని ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే అలవాటు ఇంకా కొన్ని షెడ్లలో ఉంది. దాన్ని గట్టిగా ఆపండి. ఆ క్షణంలో వోల్టేజీ ఎగదన్ని ఎల్‌ఈడీలతో పాటు కంప్యూటరూ పోవచ్చు.

ఫిలమెంటు బల్బు కోసం చేసిన ల్యాంపులో బజారు ఎల్‌ఈడీ బల్బు దూర్చకండి. మామూలు రెండు ఫిలమెంట్ల బల్బులో పార్కింగుకు 5 వాట్లు, బ్రేకుకు 21 వాట్లు. వెనకవాడికి కనిపించే తేడా అదే. చవక ఎల్‌ఈడీల్లో ఆ తేడా సరిగా ఉండదు, వెలుగు రిఫ్లెక్టర్‌కు తగినట్టు పడదు. డ్యాష్‌బోర్డు హెచ్చరిక ఆపడానికి రెసిస్టర్ పెడతారు. అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు తగిలితే కరిగిస్తుంది. అలాంటి కారులో అసలు బల్బే వేసుకోండి.

సీలు వేసిన ల్యాంపును వేడిచేసి విప్పించడం నాకు ఇష్టం ఉండదు. లోపల ఎల్‌ఈడీలు వరుసల్లో ఉంటాయి కాబట్టి ఒకటి పోతే ఆ వరుసంతా ఆరిపోతుంది, ఒక్కటి మార్చితే వెలుగుతుంది, నిజమే. కానీ తిరిగి మూసేటప్పుడు సీలు కుదరక తొలి వానకే లోపల ఆవిరి పడుతుంది. కొత్తది కొనలేకపోతే అదే మోడల్‌కు సరిపోయే, పగుళ్లు లేని పాత ఒరిజినల్ ల్యాంపు చూసుకోండి. రబ్బరు అంచుకు సిలికాన్ పెట్టాల్సి వస్తే వెనిగర్ వాసన వచ్చేది వద్దు. అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగండి.

ల్యాంపు మీద నల్ల ఫిల్ము, టపటపా కొట్టుకునే బ్రేక్ లైటు ఫ్లాషర్లు వద్దు.

మెకానిక్ దాకా కారు నడపక తప్పకపోతే పగటిపూటే బయల్దేరండి, ఔటర్ ఎక్కకండి, ఎడమ లేన్‌లో నెమ్మదిగా పోండి. వేగం తగ్గించేముందు కుడి చెయ్యి బయటికి చాపి, అరచేయి కిందికి పెట్టి, పైకీ కిందికీ ఊపండి. లైసెన్సు పరీక్షకు నేర్చుకున్న సైగే ఇది. పెద్ద బండి పక్కన ఇరుక్కుని ఉంటే మాత్రం చెయ్యి లోపలే ఉంచి, ముందు బండికి చాలా ఎడం ఇచ్చి, బ్రేకును ముందుగానే మెల్లగా తొక్కడం మొదలుపెట్టండి. పని అయ్యాక హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు అన్నీ ఒకేసారి వేసి చూడండి. విడివిడిగా వెలిగినవి కలిపి వేసినప్పుడు మసకబారితే ఎర్త్ దగ్గరికే మళ్లీ వెళ్లాలి.